క్రీస్తును వెంబడించాలంటే నిజంగా ఏమేం వదులుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు క్రీస్తును నమ్ముకుని ఏడాదయింది. సంఘంలో మీరు ఎంతో గౌరవించే పెద్ద ఒకరు లూకా సువార్త 14వ అధ్యాయం 33వ వచనం చూపించి, "తనకున్నదంతా విడిచిపెట్టనివాడు శిష్యుడు కాలేడు, కాబట్టి ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు రండి" అంటున్నారు. ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, మీ సంపాదన మీదే ఆధారపడిన తల్లి ఉన్నారు. మీ భార్యకు ఇది ఇష్టం లేదు. "వదులుకోలేకపోతున్నానంటే నా విశ్వాసం నకిలీదేనా? అసలు క్రైస్తవుడు దేన్ని, ఎంతవరకు త్యాగం చేయాలి?" అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా సంఘ కాపరిగా ఉన్నాను. ఇదే ప్రశ్నతో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో కొందరు ఉన్నదంతా వదిలి వెళ్ళి ఈనాటికీ సంతోషంగా సేవ చేస్తున్నారు. కొందరు ఉన్నదంతా వదిలి, ఇల్లు కూల్చుకుని, చివరికి విశ్వాసం కూడా పోగొట్టుకున్నారు. ఇద్దరూ చదివింది ఒకే వచనం. అందుకే ఈ విషయంలో తొందరపడి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది.

సూటిగా జవాబు చెబుతాను. క్రీస్తును వెంబడించడానికి వెల ఉంది, దాన్ని ఎవరూ తప్పించుకోలేరు. కానీ ఆ వెల మీరు చెల్లించాలి. మీ పేరు చెప్పి మీ భార్య, పిల్లలు, తల్లి చెల్లించకూడదు. ఉద్యోగం మానలేదు కాబట్టి మీ విశ్వాసం నకిలీది అనే మాటకు లేఖనాల్లో ఆధారం లేదు. మీ నుంచి దేవుడు అడిగే త్యాగం ఉద్యోగం కావచ్చు, కాకపోవచ్చు. కాకపోతే మీరు తేలికగా బయటపడ్డారని మాత్రం అనుకోకండి. ఉద్యోగం మానేయడం కంటే కష్టమైనవి చాలా ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ 33వ వచనం గురించి. దాన్ని విడిగా చదవకండి, 25వ వచనం నుంచి చదవండి. అప్పుడు యేసు వెంట పెద్ద జనసమూహం నడుస్తోంది. ఉత్సాహంగా వెంట వస్తున్న వాళ్ళ వైపు తిరిగి ఆయన రెండు ఉపమానాలు చెప్పారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా? ఇరవై వేల మందితో వచ్చే రాజును పది వేల మందితో ఎదిరించగలనా అని ఇంకో రాజు ముందు కూర్చుని ఆలోచించడా? రెండింటిలోనూ కూర్చోవడం ఉంది, లెక్క చూడడం ఉంది. అంటే యేసు ఆ జనాన్ని తొందరపెట్టలేదు, నిదానించి ఆలోచించమన్నారు. అదే వచనాన్ని పట్టుకుని "ఈ నెలాఖరుకల్లా రాజీనామా ఇవ్వండి" అనడం ఆయన చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇంకో సంగతి గమనించండి. యేసు అందరినీ ఒకే రకంగా పిలవలేదు. ధనవంతుడైన యువకుణ్ణి ఉన్నదంతా అమ్మి బీదలకు ఇమ్మన్నారు. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా తిరిగి ఇస్తానని అన్నప్పుడు, మిగతా సగం ఏదని ఆయన అడగలేదు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందన్నారు. మార్త, మరియ, లాజరు తమ ఇంట్లోనే ఉన్నారు. ఆ ఇల్లు ఉండబట్టే బేతనియలో ఆయనకు తల దాచుకునే చోటు దొరికింది. యోహన్న, సూసన్న వంటి స్త్రీలు తమ ఆస్తితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారని లూకా 8:3లో ఉంది. ఆస్తి ఉంటేనే కదా దానితో ఉపచారం చేసేది!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మార్కు 5వ అధ్యాయంలోని మనిషి కథ. సమాధుల మధ్య తిరుగుతూ, రాళ్ళతో తన ఒళ్ళు తానే గాయపరచుకుంటున్న అతన్ని యేసు బాగుచేశారు. దోనె ఎక్కబోతుంటే అతను "నన్ను కూడా మీతో రానివ్వండి" అని బతిమాలాడు. యేసు ఒప్పుకోలేదు. నీ ఇంటికి వెళ్ళు, నీ వాళ్ళకు చెప్పు అన్నారు. ఎన్నాళ్ళుగానో ఇంటివాళ్ళకు దూరమై సమాధుల్లో బతికిన మనిషికి ఇల్లు చేరడమే విధేయత. ఆ మనిషి అడిగిన సేవ వేరు, ప్రభువు ఇచ్చిన సేవ వేరు. ఈ వాక్యభాగం మీద ప్రసంగాలు తక్కువగా వింటాం. పిలుపు అనగానే మనకు వదిలి వెళ్ళడమే గుర్తొస్తుంది గాని, తిరిగి వెళ్ళమన్న పిలుపు గుర్తు రాదు.

ఇక మీ తల్లి విషయం. మార్కు 7వ అధ్యాయంలో "కొర్బాను" అనే ఆచారం వస్తుంది. తల్లిదండ్రులకు ఉపయోగపడవలసిన సొమ్మును "ఇది దేవునికి అర్పితం" అని ప్రకటిస్తే, ఇక వాళ్ళకు ఇవ్వనక్కర లేదన్న వాదన అప్పట్లో ఉండేది. చూడడానికి అది గొప్ప భక్తి. దాన్ని యేసు ఎంత కఠినంగా ఖండించారో చదవండి. మీ ఆచారంతో దేవుని వాక్యాన్నే కొట్టివేస్తున్నారు అన్నారు. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని విడిచినవాడని, అవిశ్వాసి కంటే చెడ్డవాడని పౌలు తిమోతికి రాశారు (మొదటి తిమోతి 5:8). ఈ రెండు వాక్యాలనూ పక్కన పెట్టి లూకా 14ను ఒక్కదాన్నే చూపించేవారు మీకు సగం సత్యమే చెబుతున్నారు.

ఇతరులు చెల్లించే త్యాగం అన్నాను కదా, చరిత్రలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. మిషనరీ విలియం కేరీ 1793లో ఇంగ్లండు నుంచి బెంగాల్‌కు వచ్చి చేసిన పని ఎంత గొప్పదో వేరే చెప్పనక్కర లేదు. ఎన్నో భాషల్లోకి బైబిలు వచ్చిందంటే ఆయన కష్టం వల్లే. కానీ ఆయన భార్య డోరతి ఆ ప్రయాణానికి మొదట ఒప్పుకోలేదు. ఓడ ఆలస్యం కావడంతో మళ్ళీ ఒత్తిడి తెచ్చి ఆఖరి ఘడియలో ఒప్పించారు. మరుసటి ఏడాదే ఐదేళ్ళ కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ తర్వాత డోరతి మనసు చెదిరింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. కేరీని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయనకు కృతజ్ఞుణ్ణి. కానీ ఆయన త్యాగం గురించి వంద ప్రసంగాలు వింటే, డోరతి పేరు ఒక్కదానిలోనైనా వినబడుతుందా? ఎక్కువ చెల్లించింది ఆమె. ఇష్టపడి చెల్లించింది కాదు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయాలి, నిజాయితీగల వాళ్ళందరూ వేస్తారు: "అయితే కుటుంబం బాధపడే త్యాగం ఏదీ సరైనది కాదా?" అలా కాదు. ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అనే ఆస్ట్రియా రైతు సంగతి చూడండి. 1938లో ఆస్ట్రియాను జర్మనీలో కలపడంపై ఓటింగు జరిగితే, ఆయన పల్లెలో వ్యతిరేకంగా ఓటు వేసింది ఆయన ఒక్కడే. 1943లో సైన్యంలోకి పిలుపు వచ్చినప్పుడు హిట్లర్ కోసం ఆయుధం పట్టనన్నారు. గాయపడినవాళ్ళకు సేవ చేసే పని ఇస్తే చేస్తానన్నారు. అధికారులు ఒప్పుకోలేదు. ముగ్గురు చిన్న ఆడపిల్లలున్నారు, వాళ్ళ గురించి ఆలోచించమని గురువులు, చివరికి బిషప్పు కూడా నచ్చజెప్పారు. ఆయన మనసు మార్చుకోలేదు. 1943 ఆగస్టు 9న మరణశిక్ష అమలు చేశారు. భార్య ఫ్రాన్సిస్కా ఆ పిల్లలను, పొలాన్ని ఒంటరిగా చూసుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక కూడా ఊళ్ళో చాలామంది నిందించారు. 2007లో కథోలిక సంఘం ఆయనను ధన్యజీవిగా ప్రకటించినప్పుడు, తొంభై ఏళ్ళు దాటిన ఆమె అక్కడే ఉన్నారు.

కేరీ ఇంట్లోనూ, ఈయన ఇంట్లోనూ కుటుంబం బాధపడింది. తేడా ఎక్కడుంది? నా అవగాహన ఇది: చెడు చేయనని నిరాకరించడం ఒక సంగతి, మంచిదనిపించిన దారిని ఎంచుకోవడం మరో సంగతి. యేగర్‌స్టెట్టర్‌కు ఎదురైంది తన మనస్సాక్షి హత్య అని చెప్పిన పని. దాన్ని చేయకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు, కుటుంబం బాధపడుతుందని ఆ పని చేయడానికి వీలు లేదు. పైగా భార్య మొదట వద్దని చెప్పి చూసినా, తర్వాత ఆయన పక్షాన నిలబడ్డారు. పూర్తికాల సేవ, దూరదేశ ప్రయాణం, ఇల్లు అమ్మి ఇవ్వడం వంటివి రెండో రకం. ఇవి మంచి పనులే. కానీ మంచి పనులు అనేకం ఉంటాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటున్నారు. అలాంటప్పుడు మీతో జీవితం పంచుకున్న మనిషి సమ్మతి లేకుండా ముందుకు వెళ్ళే హక్కు మీకు లేదు. పెళ్ళినాడు చేసిన ప్రమాణం కూడా దేవుని ఎదుట చేసిందే కదా.

నా దగ్గరికి వచ్చే చాలా సందర్భాల్లో ఈ ఒక్క గీత గీసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. మీ ఉద్యోగంలో మిమ్మల్ని ఎవరైనా పాపం చేయమంటున్నారా? మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. అయితే మీది రెండో రకం ప్రశ్న.

మొదటి రకానికి మామూలు జీవితంలోంచి కూడా ఉదాహరణ చెబుతాను. మా సంఘంలో ఒకాయన ఒక సంస్థలో లెక్కలు చూసేవారు. ఏడాది చివర్లో, ఇంకా రాని సరుకు వచ్చేసినట్టు పాత తేదీ వేసి సంతకం చేయమన్నారు. పై అధికారి కాగితాన్ని బల్ల మీద ఆయన వైపు జరిపి, కలం మూత తీసి మరీ పక్కన పెట్టారు. ఈయన కాసేపు దాన్ని చూసి, మూత మళ్ళీ బిగించి, కలాన్ని వెనక్కి జరిపారు. ఒక్క మాట కూడా అనలేదట. ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే బాగుండేదేమో అని తర్వాత ఆయనే అన్నారు, ఎందుకంటే అది ఒక్కసారితో అయిపోయేది. పాత దస్త్రాలు భద్రపరిచే గదికి మార్చారు. ఆయన పని నేర్పిన కుర్రవాడు ఆయనకే పై అధికారి అయ్యాడు. పదవీ విరమణ దాకా పదోన్నతి రాలేదు.

ఆయన సాక్ష్యం చెప్పమంటే ఎన్నడూ చెప్పలేదు. "దేవుడు ఆ అధికారిని శిక్షించాడు, నాకు రెట్టింపు ఇచ్చాడు" అని ముగించడానికి ఆ కథలో అలాంటి ముగింపు లేదు మరి. సిలువ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇలాంటి మనుషులే. ఎవరూ చప్పట్లు కొట్టరు, లెక్క సరిపోదు, అయినా పొద్దున్నే లేచి అదే గదికి వెళతారు. లూకా 9:23లో సిలువను "ప్రతిదినము" ఎత్తుకొమ్మని ఉంది. ఆ ఒక్క మాటే ఇలాంటి వాళ్ళ ఆసరా.

ఇప్పుడు ఉద్యోగం కంటే కష్టమైనవి ఉన్నాయన్నాను కదా, వాటి దగ్గరికి వద్దాం. డబ్బు గురించి ఎక్కువ చెప్పను. ఇవ్వాలి, క్రమంగా ఇవ్వాలి, మనకు కొంచెం నొప్పి తెలిసేంతగా ఇవ్వాలి, ఎవరికీ చెప్పకుండా ఇవ్వాలి. మీరు అది ఇప్పటికే చేస్తున్నారని రాశారు.

క్షమించడం నా అనుభవంలో అన్నిటికంటే ఖరీదైనది. పగ తీర్చుకునే హక్కును వదులుకోవడం ఆస్తిని వదులుకోవడం కంటే కష్టం. నెదర్లాండ్స్‌కు చెందిన కోరీ టెన్ బూమ్ కుటుంబం యూదులను ఇంట్లో దాచి, 1944లో పట్టుబడింది. తండ్రి జైల్లో చనిపోయారు. అక్క బెట్సీ రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో చనిపోయింది. 1947లో కోరీ మ్యూనిక్‌లో క్షమాపణ గురించి ప్రసంగించాక, ఆ శిబిరంలో కాపలాదారుగా ఉన్న మనిషి వచ్చి, తానూ దేవుణ్ణి నమ్ముకున్నానని చెప్పి చేయి చాపాడు. తన చేయి పైకి లేవలేదని ఆమే చెప్పుకున్నారు. అప్పటిదాకా క్షమాపణ గురించే ప్రసంగించిన మనిషి ఆమె! సహాయం చేయమని లోపల ప్రార్థించి, ఏ భావమూ లేకుండానే, బలవంతంగా చేయి చాపారు. ప్రేమ ఆ తర్వాతే వచ్చింది. నేను దీన్ని చాలామందికి చెబుతాను. మనసు కరిగాక క్షమిద్దామని ఎదురు చూస్తే ఏళ్ళు గడిచిపోతాయి.

అన్నదమ్ముల ఆస్తి తగాదాల్లో కూర్చున్నప్పుడు నేను చూసేది ఇదే. "ఆ భూమి వాడికే వదిలేశాను" అని గర్వంగా చెప్పేవాళ్ళుంటారు. భూమి వదిలారు, మాట్లాడడం కూడా వదిలారు. పదేళ్ళుగా తమ్ముడి ముఖం చూడరు. భూమిని వదలడం వాళ్ళకు తేలికైంది, కోపాన్ని వదలడమే కాలేదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో యేసు చెప్పారు. అర్పణ కూడా ఆగవచ్చునట, సమాధానపడడం మాత్రం ఆగకూడదట.

పేరు రాని సేవ మరొకటి. మా సంఘంలో బాగా పాడే ఒక సోదరి ఉన్నారు. భర్తకు మతిమరుపు వ్యాధి వచ్చింది. చొక్కా గుండీలు తానే పెట్టుకుంటానని ఆయన పట్టుబడతారు. ఒక్కో గుండీ తప్పు కన్నంలోకి వెళుతుంది, మళ్ళీ విప్పుతారు, మళ్ళీ మొదలుపెడతారు. ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడుతుంది. తను పెడితే నిమిషం పని. కానీ తను పెడితే ఆయన చిన్నపిల్లవాడిలా ఏడుస్తారు. అందుకని నిలబడుతుంది. ఆదివారాలు మందిరానికి రావడం తగ్గింది, గాయక బృందంలో ఆమె చోటు ఇంకొకరికి వెళ్ళింది. "ఈ మధ్య భక్తి తగ్గినట్టుందే" అని ఎవరో అన్నారని తెలిసి నేను ఆ రోజు ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఆ గదిలో ఆమె నిలబడిన చోటే ఆమెకు బలిపీఠం. రోమా 12:1లో శరీరాలను సజీవ యాగంగా సమర్పించమన్నది ఇలాంటి చోట అక్షరాలా జరుగుతుంది. అక్కడ నిలబడి ఉండే ఆ కాళ్ళు, ఆపుకునే ఆ చేతులు, ఇవే అర్పణ.

ఇంకొకటి, భక్తిపరులకు చాలా కష్టమైనది: మన భక్తి మీద మనకున్న గర్వం. ఎరిక్ లిడెల్ పేరు మీరు వినే ఉంటారు. ఆదివారం పరుగెత్తనని 1924 పారిస్ ఒలింపిక్స్‌లో తనకు బాగా పట్టున్న 100 మీటర్ల పోటీని వదులుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచారు. అందరికీ తెలిసింది ఇంతవరకే. ఆయన మరుసటి ఏడాది చైనాకు సేవకు వెళ్ళారు. 1941లో పరిస్థితులు ప్రమాదకరంగా మారినప్పుడు గర్భిణి అయిన భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడాకు పంపించారు. మూడో బిడ్డను ఆయన కళ్ళారా చూడలేదు. జపాన్ సైన్యం నడిపిన వైహ్సియన్ నిర్బంధ శిబిరంలో పిల్లలకు పాఠాలు చెప్పారు, ఆటలు ఆడించారు. ఆదివారాలు ఆటలాడుతూ అక్కడి పిల్లలు కొట్టుకుంటుంటే, ఆదివారం ఆట ముట్టనన్న ఆ మనిషే వాళ్ళ మధ్య నిలబడి ఆట నడిపించారు. 1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో అక్కడే చనిపోయారు.

ప్రపంచమంతా మెచ్చుకున్న తన నియమాన్ని, ఏ పేరూ లేని కొందరు పిల్లల కోసం ఆయన పక్కన పెట్టగలిగారు. పతకాన్ని వదలడం కంటే ఇది పెద్దదని నా నమ్మకం. ఎంతమందిమి మన ఉపవాసాన్ని, మన ప్రార్థన వేళను, మన నియమాన్ని పక్కవాడి అవసరం కోసం వదులుకోగలం? నా ఆస్తి అంతా బీదలకు ఇచ్చినా, నా శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని పౌలు మొదటి కొరింథీ 13లో రాసింది ఉత్త అలంకారం కాదు. ప్రేమ లేకుండా అంత త్యాగం చేయడం సాధ్యమేనని ఆయనకు తెలుసు.

ఇప్పుడు కొన్ని హెచ్చరికలు. ఇవి మీకు అవసరం లేకపోవచ్చు, కానీ ఇది చదివే ఇంకెవరికైనా అవసరం కావచ్చు.

ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీతో "అది నీ సిలువ, భరించు" అని చెప్పేవాళ్ళున్నారు. అది సిలువ కాదు. యేసు తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోలేదని, తానే ఇస్తున్నానని యోహాను 10:18లో అన్నారు. ఒకడు బలవంతంగా లాక్కునేది త్యాగం ఎలా అవుతుంది? అలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు సురక్షితమైన చోటికి చేరాలి. చట్టం సహాయం తీసుకోవాలి. క్షమాపణ గురించి మాట్లాడడానికి తర్వాత చాలా సమయం ఉంటుంది. కొట్టినవాడిని క్షమించడమంటే మళ్ళీ కొట్టడానికి వీపు చూపించడం కాదు.

అప్పు చేసి కానుక ఇమ్మనేవాళ్ళ మాట వినకండి. ఉన్నదాన్నిబట్టి ఇస్తే చాలని, లేనిదాన్నిబట్టి అడగరని, ఇతరులకు తేలిక కలిగించి మీకు ఇబ్బంది తేవడం ఉద్దేశం కాదని రెండో కొరింథీ 8వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, అంతా ఇచ్చినట్టు నటించి చనిపోయిన అననీయ కథతో భయపెట్టేవాళ్ళకు అపొస్తలుల కార్యములు 5:4 చూపించండి. ఆ పొలం అమ్మకముందు నీదే, అమ్మాక సొమ్ము కూడా నీ వశంలోనే ఉంది కదా అని పేతురు అన్నారు. అతని తప్పు తక్కువ ఇవ్వడం కాదు, అబద్ధం చెప్పడం. మందులు మానేయడమే విశ్వాసం అనే బోధ కూడా ఇలాంటిదే. తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పింది మందులాంటి సలహాయే.

ఇంకో మాట. త్యాగం చేస్తే దేవుడు మాట వింటాడని, చేయకపోతే కీడు వస్తుందని లోపల ఎక్కడో అనిపిస్తుంటే, అక్కడే ఆగి ఎఫెసీ 2:8-9 చదవండి. రక్షణ కృప వల్ల వచ్చింది, క్రియల వల్ల కాదు. బిడ్డకు జ్వరం వస్తే "నేను పోయినవారం ఇస్తానన్నది ఇవ్వలేదు, అందుకే" అని కుమిలిపోయే తల్లులను చూశాను. ఆ భయం క్రీస్తు దగ్గర నుంచి వచ్చింది కాదు. వెల కట్టవలసిన చోట ఆయనే కట్టేశారు. మనం ఇచ్చేది కృతజ్ఞత.

కుటుంబం విశ్వాసాన్నే వద్దంటే ఏమిటని కూడా కొందరు అడుగుతారు. అది మీ పరిస్థితి కాదు, మీ భార్య వద్దంటున్నది ఉద్యోగం మానడాన్ని మాత్రమే. కానీ నిజంగా ఇల్లు తలుపు మూసినవాళ్ళు ఉన్నారు. తల్లి అంత్యక్రియలకు కూడా రానివ్వని వాళ్ళు నా ముందు కూర్చుని ఏడ్చారు. మత్తయి 10లో యేసు ఇది జరుగుతుందని ముందే చెప్పారు, తీపి మాటలతో దాచలేదు. అలాంటివాళ్ళకు "ప్రభువే చూసుకుంటాడు" అని చెప్పి పంపించేస్తే మనం సంఘం అనిపించుకోం. ఇళ్ళను, అన్నదమ్ములను, తల్లులను విడిచినవాడు ఈ లోకంలోనే నూరంతలు పొందుతాడని మార్కు 10:30లో ఉన్న వాగ్దానం నెరవేరేది మన ఇళ్ళ తలుపులు తెరిస్తేనే. ఆ నూరు ఇళ్ళు ఎవరివి? మనవే.

ఇక మీరు ఏం చేయాలి? నా సలహా ఇది. ఉద్యోగం మానకండి, కనీసం ఇప్పుడే కాదు. పౌలు గుడారాలు కుట్టి బతుకుతూ సువార్త ప్రకటించారు, ఎవరికీ భారం కాకూడదని రాత్రింబవళ్ళు కష్టపడ్డామని థెస్సలొనీకయులకు రాశారు. ఉద్యోగం చేస్తూనే ఒక ఏడాది పాటు సంఘంలో ఎవరూ ఇష్టపడని పని ఒకటి తీసుకోండి. రోగుల దగ్గర కూర్చోవడం కావచ్చు, పిల్లలకు చదువు చెప్పడం కావచ్చు, కుర్చీలు సర్దడం కావచ్చు. వేదిక మీద పని మాత్రం వద్దు. ఏడాది తర్వాత కూడా సేవ మీద ఆ కోరిక నిలిచి ఉంటే అది ఆలోచించవలసిన కోరికే. వేదిక లేనందుకే చల్లబడితే, మంచికే తెలిసిందనుకోండి.

ఆ పెద్దను వినయంగా మూడు సంగతులు అడగండి: నేను మానేస్తే మా అమ్మ మందులకు, పిల్లల చదువుకు ఏర్పాటు ఏమిటి? ఈ పిలుపును సంఘంలో ఇంకెవరైనా నాలో చూశారా, మీరొక్కరేనా? నేను కాదంటే మీరు నాతో ఇలాగే ప్రేమగా ఉంటారా? మొదటి రెండింటికి జవాబు లేకపోయినా, మూడో ప్రశ్నకు ముఖం మారినా, మీకు తెలియవలసింది తెలిసినట్టే.

మీ భార్యతో మాట్లాడేటప్పుడు ఒప్పించడానికి కూర్చోకండి, వినడానికి కూర్చోండి. ఆమెకు భయం దేని గురించో పూర్తిగా చెప్పనివ్వండి. మధ్యలో వాక్యం చూపించకండి. ఆమె వద్దంటే ఆ మాటను అవిశ్వాసమని ఎవరి దగ్గరా అనకండి, ప్రార్థన కూటంలో విన్నపంగా కూడా పెట్టకండి. ఆమె కూడా ఇది చదివి నన్ను ఏదైనా అడగాలనుకుంటే నేరుగా అడగమనండి. మీకు రాసినంత వివరంగానే ఆమెకూ రాస్తాను.